పేరు మార్చుకున్న నీ నాయిక గురించి

చిక్కడపల్లి,
హైదరాబాద్.

చిరంజీవికి ఆశీస్సులు.

నీ నవల రాతప్రతి పూర్తిగా చదివాను. బాగుందనో, ఇంకా దిద్దుకోవాలనో ఒక్క వాక్యం రాసి పంపడానికి మనసు ఒప్పలేదు. నీకు కథ నడిపే చెయ్యి ఉంది. అందుకే ఇంత పెద్ద ఉత్తరం.

మియాపూర్ దగ్గర ఒక బడిపంతులు కొనుక్కున్న స్థలాన్ని 1996లో దొంగ జీపీఏ, అంటే ఆయన తరఫున అమ్మే అధికారం ఇచ్చినట్టు రాసే జనరల్ పవర్ ఆఫ్ అటార్నీ, పుట్టించి కాజేశారు. ఆయన ఆ దిగులుతోనే పోయాడు. ఇరవై ఏళ్ల తర్వాత ఆయన కూతురు మరో పేరుతో, ఆ పని చేయించిన రియల్ ఎస్టేట్ వ్యాపారి ఆఫీసులోనే లెక్కలు చూసే ఉద్యోగంలో చేరింది. ఆమె ఎవరో నువ్వు చివరి అధ్యాయంలో గాని చెప్పలేదు. నాకు నీతో ఉన్న పేచీ అంతా అక్కడే.

ఆ సంగతి మొదటి అధ్యాయంలోనే చెప్పెయ్యి. ఆమె పేరు దాచుకోవలసింది శత్రువు దగ్గర. పాఠకుడి దగ్గర కూడా నువ్వు దాచిపెడితే చివర ఒక్కసారి అతను ఉలిక్కిపడతాడు, అంతే. అంతవరకు అతనికి ఆమె జీతం తీసుకుని లెక్కలు రాసే ఒక మామూలు ఉద్యోగిని. ముందే తెలిసి ఉంటే ఆమె హాజరుపట్టీలో సంతకం పెట్టినా అతనికి గుండె ఆగినంత పనవుతుంది.

విరాటపర్వాన్ని తలుచుకో. సైరంధ్రి ఎవరో సుదేష్ణకు తెలియదు, కీచకుడికి తెలియదు. మనకు మొదటినుంచీ తెలుసు. వానలు పడకపోతే విరాటపర్వం చదివించే ఊళ్లు మనవి. ఎన్నిసార్లు విన్నా కథ తెలిసే వింటాం, అయినా ఆమె కల్లుపాత్ర పట్టుకుని కీచకుడి ఇంటికి బయలుదేరినప్పుడు మన ప్రాణాలు మన దగ్గర ఉండవు. అంతకన్నా నన్ను పట్టి నిలిపేది వంటశాల ఘట్టం. ద్రౌపది రాత్రివేళ వెళ్లి భీముడిని లేపి, గంధం తీసి తీసి కాయలు కాచిన తన చేతులు చూపిస్తుంది. అతను ఆ చేతులను ముఖానికి ఆనించుకుని ఏడుస్తాడు. పగ సంగతి ఆ తర్వాత వస్తుంది. ముందు ఆ చేతులు. పరాయి పేరుతో బతికినందుకు ఆమె ఒంటి మీద మిగిలిన గుర్తు అది. నీ నాయిక ఇన్ని నెలలు ఆ ఆఫీసులో ఉంది గదా, ఆమెకు మిగిలిన గుర్తు ఏమిటి? నీ రాతప్రతిలో నాకు ఎక్కడా కనిపించలేదు.

నువ్వు ఆమె వేషం మీద చాలా శ్రమ పడ్డావు. కళ్లజోడు పెట్టావు, జుట్టు కత్తిరించావు. మన హైదరాబాద్‌లో మనిషిని పట్టిచ్చేవి అవి కావు. పరిచయమైన రెండో నిమిషంలో మనవాళ్లు అడిగే ప్రశ్నలు పట్టిస్తాయి. మీదే ఊరు? ఇంటిపేరు ఏమిటి? ఫలానా వాళ్లు మీకేమవుతారు? ఇందులో ఒక్కదానికి అబద్ధం చెబితే దానికి ఆసరాగా మరో నాలుగు చెప్పాలి, చెప్పినవన్నీ గుర్తు పెట్టుకోవాలి. భోజనాల వేళ పక్క సీటు ఆవిడ ఆప్యాయంగా "మా మేనత్త వాళ్లది కూడా ఆ ఊరే, ఏ వీధి మీది?" అని అడిగిందనుకో. ఆ ఆప్యాయత కన్నా ఆమెకు పెద్ద ప్రమాదం లేదు. ఇలాంటి భోజనం ఒకటి నీ నవలలో పూర్తి అధ్యాయం కావాలి.

ఆమెను అమీర్‌పేట హాస్టల్లో పెట్టావు, మంచి పని చేశావు. కానీ చేరేటప్పుడు అక్కడ ఆధార్ నకలు అడుగుతారు. అసలు పేరున్న కార్డు ఇచ్చిందా? ఇస్తే హాస్టల్లో ఒక పేరు, ఆఫీసులో ఒక పేరు. రెండు పేర్లూ తెలిసినవాళ్లు ఒకే బస్టాపులో ఎదురుపడిన రోజు ఏమవుతుంది? సంక్రాంతికి నగరం సగం ఖాళీ అవుతుంది. ఊరికి వెళ్లడం లేదా అని ఆఫీసులో అందరూ అడుగుతారు. తనకు ఎవరూ లేరని ఆమె ముందే చెప్పి ఉంది. తల్లి మాత్రం ఖమ్మంలో ఎదురుచూస్తూ ఉంటుంది. మెస్ మూసేసిన హాస్టల్లో, పక్క మంచాలన్నీ ఖాళీగా ఉన్న గదిలో, ఆ మూడు రోజులు ఆమె ఎలా గడిపిందో రాయి. తండ్రి ఆబ్దికం రోజున సెలవు అడగడానికి ఏ కారణం చెప్పిందో రాయి. పగ ఎంత బరువో అప్పుడు తెలుస్తుంది.

ఇక కాలం. కథ 2016లో నడుస్తోందన్నావు, రెండో అధ్యాయంలోనే ఆమెను మియాపూర్ మెట్రో ఎక్కించావు. మన మెట్రో మొదలైంది 2017 నవంబరు చివరలో. 2016లో ఆ దారి పొడవునా స్తంభాలే, ఆమె బస్సులోనే వెళ్లాలి. తేదీ ఒక్కటే సరిచేసి ఊరుకోకు, ఆ సంవత్సరం నీకు ఇచ్చినదాన్ని వాడుకో. 2016 నవంబరు 8 రాత్రి ఎనిమిది దాటాక అయిదు వందలు, వెయ్యి నోట్లు చెల్లవని ప్రకటించారు. నగదు మీద నడిచే రియల్ ఎస్టేట్ ఆఫీసులో లెక్కలు చూసే మనిషికి ఆ రాత్రి ఫోను రాకుండా ఉంటుందా? డబ్బు ఎక్కడ ఉందో, ఎవరి పేరున ఉందో ఆ వ్యాపారి తన నోటితోనే ఆమెకు చెప్పక తప్పదు. ఇన్నాళ్లూ వెతుకుతున్నది చేతికి అందిన క్షణం అది. అంత గొప్ప రాత్రి నీ కథలో ఊసైనా లేకుండా దాటిపోయింది.

మోసం జరిగిన తీరును ఇంకా గట్టిగా రాయవచ్చు. అమ్మేవారి, కొనేవారి ఫోటోలు, వేలిముద్రలు దస్తావేజు మీద ఉండాలనే 32ఏ సెక్షన్ రిజిస్ట్రేషన్ చట్టంలోకి వచ్చింది 2001లో. అంతకు ముందు కాబట్టే పంతులుగారి స్థానంలో ఇంకొకరిని నిలబెట్టడం అంత సులువైంది. ఆమె కోర్టుకు ఎందుకు వెళ్లలేదని పాఠకుడు తప్పక అడుగుతాడు. స్వాధీనం కోసం దావా వేయడానికి గడువు సాధారణంగా 12 ఏళ్లు. అది దాటిపోయిందని ఏదో ఒక వకీలు ఆమెను గుమ్మంలోనే తిప్పి పంపిన దృశ్యం ఒక్క పేజీ ఉంటే చాలు.

నువ్వు వెతికితే నీ కథకు గుండెకాయ సబ్ రిజిస్ట్రార్ ఆఫీసులోనే దొరుకుతుంది. స్థలం అమ్మకపు దస్తావేజు అక్కడి రిజిస్టర్లలో ఒకటో పుస్తకంలో ఉంటుంది, రుసుము కట్టి దాని నకలు ఎవరైనా తీసుకోవచ్చు. విడిగా రాసిన జీపీఏ నాలుగో పుస్తకంలోకి ఎక్కుతుంది. దాని నకలు రాసిచ్చినవారికి, దాని కింద హక్కు ఉన్నవారికి, లేదా వారి ప్రతినిధులకు మాత్రమే ఇస్తారు. అంటే తండ్రి పేరున ఎవరో పెట్టిన ఆ దొంగ సంతకం చూడాలంటే ఆమె తాను ఆయన కూతురినని దరఖాస్తులో రాయాలి. అసలు పేరుతో సంతకం పెట్టాలి. బయట చెట్టు కింద కూర్చున్న దస్తావేజు లేఖరులందరూ ఆ వ్యాపారిని ఎరిగినవాళ్లే. ఆమెను రోజూ ఆ ఆఫీసు ఫైళ్లతో చూసినవాళ్లే. నువ్వు చివర పెట్టిన గెస్ట్‌హౌస్, ఆ పిస్తోలు, ఆ వాన, ఏవీ అక్కర్లేదు. ఆ దరఖాస్తు ముందు కలం పట్టుకున్న ఆమె చెయ్యి చాలు.

ఇంకొకటి, నాకు అన్నిటికన్నా ముఖ్యమైనది. తండ్రికి జరిగిన అన్యాయం ఏమిటి? ఎవరో ఆయన పేరుతో నిలబడ్డారు. ఇప్పుడు కూతురు చేస్తున్నది? తనది కాని పేరుతో నిలబడింది. ఆ రోజుల్లో మరొకరిగా చెప్పుకుని మోసగించడం శిక్షాస్మృతి 419 సెక్షన్ కింద మూడేళ్ల దాకా జైలు పడగల నేరం, లోకంలో లేని మనిషి పేరు చెప్పుకున్నా సరే. ఆ వ్యాపారి మీద పెట్టగల కేసుల్లో అదీ ఒకటి, ఆమె మీద పెట్టగల కేసూ అదే. ఇది ఆమెకు ఎప్పుడో ఒక రాత్రి తట్టాలి. తట్టినప్పుడు నువ్వు ఆమె పక్షాన వాదించకు. ఆమెను ఆ ఆలోచనతో ఒంటరిగా వదిలెయ్యి. రచయిత దయ చూపించిన చోట పాత్ర చిన్నదైపోతుంది, నేను ఎందరి రాతల్లోనో చూశాను.

ఆ వ్యాపారిని కూడా మనిషిగా రాయి. ఇప్పుడు అతను నవ్వినప్పుడల్లా వికటంగా నవ్వుతున్నాడు. అతను ఆమెను "అమ్మా" అని పిలవనీ. జ్వరం వచ్చినప్పుడు జీతం ముందే ఇవ్వనీ. తన కూతురి పెళ్లికి ఆమెను ఇంటి మనిషిలా పిలవనీ. ఆ పెళ్లిలో అక్షింతలు వేస్తున్నప్పుడు ఆమె ఏమనుకుందో నీకు తెలిసిన నాడు ఈ నవల నీ చేతికి వచ్చినట్టే.

ఆఖరి అధ్యాయం తీసేయమని అడుగుతున్నాను. ఆమె అందరి ముందూ తన పేరు ప్రకటించడం, అతను కాళ్ల మీద పడటం నీ కోపం రాసిన దృశ్యాలు. ఆ కోపం న్యాయమైనదే, నాకూ ఉంది. ఈ నగరం చుట్టూ అలా స్థలాలు పోగొట్టుకుని మౌనంగా పోయిన తండ్రులను ఎరుగుదును. కానీ కీచకుడు చచ్చాక భారతకథ ఆగలేదు. ఉపకీచకులు వచ్చి ద్రౌపదిని శవంతోపాటు కట్టి శ్మశానానికి మోసుకుపోయారు. ఆ ఆపద గడిచాక కూడా సుదేష్ణ భయపడి వెళ్లిపొమ్మంటే, ఇంకో పదమూడు రోజులు ఉండనిమ్మని ఆమె అడుక్కోవలసి వచ్చింది. తీరిన పగ తర్వాత కూడా అదే కొలువులో, అదే పేరుతో పదమూడు రోజులు. నీ నాయికకు అలాంటి రోజులు ఉంటాయి. దరఖాస్తు ఇచ్చిన మర్నాడు ఆమె ఆఫీసుకు వెళ్లిందా? వెళ్తే ఎవరు ఏ పేరుతో పిలిచారు? ఖమ్మంలో తల్లికి ఫోను చేసి ఏమని చెప్పింది?

ముందు ఒకరోజు ఏదైనా సబ్ రిజిస్ట్రార్ ఆఫీసుకు వెళ్లి పొద్దుటినుంచి సాయంత్రం దాకా బెంచీ మీద కూర్చో. నోట్సు రాసుకోకు, చూడు. తర్వాత ఆమె దరఖాస్తు ఇచ్చిన మర్నాటి అధ్యాయం ఒక్కటి రాసి నాకు పంపు. మిగిలినవాటి సంగతి అది చదివాక మాట్లాడుకుందాం. ఆదివారాలు ఇంట్లోనే ఉంటాను, వచ్చినా సరే.

ఆశీస్సులతో,
మీ అమ్మమ్మ వయసు రచయిత్రి