కోడిపిల్లలొస్తున్నాయి, గూడు సంగతేటి?

ఈ నెల వచ్చిన ప్రశ్నల్లో సగానికి పైగా కోళ్లవే, అవీ ఎక్కువగా ఒడిశాలో మన గజపతి, రాయగడ జిల్లాల నుంచి. చలి మొదలవుతోంది, పిల్లల్ని తెచ్చుకునేవాళ్లు తెచ్చేసుకుంటున్నారు, అందుకే మొక్కల ప్రశ్నలు వచ్చే నెలకి దాచి ఈసారి మొత్తం కోళ్లకే ఇచ్చేస్తున్నా.

ప్రశ్న: అక్కా నమస్తే. మాది పర్లాకిమిడి దగ్గర పల్లెటూరు. వచ్చే వారం 25 వనరాజ జాతి కోడిపిల్లలు వస్తున్నాయి, ఒక్క రోజు పిల్లలు. మా ఆయన పెరట్లో చెక్కతో గూడు కట్టారు, 6 అడుగుల పొడవు, 4 అడుగుల వెడల్పు, పైన రేకు, చుట్టూ కోళ్ల మెష్. లోపల ఎల్ఈడీ బల్బు కూడా పెట్టాం. పిల్లలు రాగానే అందులో వదిలేయొచ్చా?

జవాబు: వదలొద్దు చెల్లీ. గూడు బాగా కట్టారు, కష్టపడ్డారు, కానీ అది నెల దాటిన పిల్లలకి గూడు, ఒక్క రోజు పిల్లకి కాదు. ఒక్క రోజు పిల్లకి ఒంటి మీద నూగే తప్ప ఈకలుండవు, తన వేడి తాను నిలుపుకోలేదు, నాటుపెట్ట పొదిగితే తల్లి రెక్క కింద దూరిపోతది, హేచరీ నుంచి వచ్చిన పిల్లకి ఆ తల్లి లేదు కదా, ఆ రెక్క మనమే పెట్టాలి. మొదటి వారం పిల్ల ఉన్న చోట సుమారు 35 డిగ్రీల వేడి కావాలి, తర్వాత వారానికి 3 డిగ్రీల చొప్పున తగ్గించుకుంటూ రావాలి. ఎండాకాలం అయితే రెండు మూడు వారాలకే బల్బు తీసేయొచ్చు, మీ వైపు మహేంద్రగిరి గాలి తగిలే చలికాలం కాబట్టి కనీసం నాలుగైదు వారాలు వేడి చూపించాల్సిందే.

ఎల్ఈడీ బల్బు వెలుతురిస్తది తప్ప పిల్లకి సరిపడా వేడి ఇవ్వదు. ఇది చాలామందికి తెలీక బల్బు వెలుగుతోంది కదా అని ధైర్యంగా పడుకుంటున్నారు. పాతకాలం ఫిలమెంట్ బల్బు గానీ ఇన్‌ఫ్రారెడ్ బల్బు గానీ తెచ్చుకోండి, పిల్లకి 2 వాట్ల లెక్కన 25 పిల్లలకి 60 వాట్ల బల్బొకటి సరిపోతదని అనిపించినా మీరు రెండు పెట్టండి, చలి ఒక కారణం, ఒకటి మాడిపోతే ఇంకోటి ఉంటదన్నది రెండో కారణం. పిల్లల తల మీద అడుగు, అడుగున్నర ఎత్తులో వేలాడదీసి, తాడు పైకీ కిందకీ జరిగేలా కట్టండి.

థర్మామీటర్ లేదని బెంగ పడొద్దు, పిల్లలే చెప్తాయి. బల్బు కింద ఒకదాని మీద ఒకటెక్కి గుంపు కట్టి కీచుకీచుమంటే చలేస్తోందని. బల్బుకి దూరంగా పోయి రెక్కలు జారేసి నోరు తెరిచి ఎగపోస్తుంటే వేడెక్కువైందని. అన్నీ ఒక్క పక్కకే చేరితే రెండో పక్క నుంచి గాలి కొడుతోందని. అక్కడక్కడా చెల్లాచెదురుగా కొన్ని తింటూ కొన్ని కాళ్లు చాపి పడుకునుంటే అంతా బాగుందని. రాత్రి పడుకునే ముందు ఒకసారి, తెల్లారుజామున 3, 4 గంటలకి ఇంకోసారి లేచి చూడండి. నిద్ర పాడవుతది, కానీ మొదటి వారం ఆ తెల్లారుజామునే పిల్లలు ఎక్కువ పోతాయి.

స్థలం ఇంట్లోనో వసారాలోనో చూస్కోండి. నేల మీద ఎండిన వరి ఊక రెండు మూడు అంగుళాలు పరిచి, చుట్టూ అట్టో రేకో 18 అంగుళాల ఎత్తున గుండ్రంగా నిలబెట్టండి. గుండ్రంగా అని ఊరికే అనట్లేదు, మూలలుంటే పిల్లలన్నీ మూలకి చేరి ఒకదాన్నొకటి తొక్కుకుని ఊపిరాడక చచ్చిపోతాయి. 4 అడుగుల వెడల్పు గుండ్రం 25 పిల్లలకి నాలుగు వారాల దాకా వస్తది. మొదటి రెండ్రోజులు ఊక మీద పేపరు పరిచి దాని మీద నూకలు చల్లండి, లేకపోతే మేత అనుకుని ఊకే తినేస్తాయి, కానీ రెండ్రోజుల తర్వాత పేపరు తీసేయాలి, నున్నటి పేపరు మీద కాళ్లు జారి జారి ఎడంగా విరుచుకుపోయిన పిల్ల మళ్లీ సరిగ్గా నిలబడలేదు. వచ్చిన వెంటనే మేత కంటే ముందు నీళ్లు, గోరువెచ్చటి నీళ్లలో కాస్త బెల్లం కలిపి. పళ్లెంలో పోస్తే గులకరాళ్లు వేయండి, పడి మునిగిపోకుండా. ఎనిమిది వారాల దాకా చిక్ స్టార్టర్ దాణా కొనండి, ఖర్చే, కానీ నూకలు ఒక్కటే పెడితే పొట్ట నిండుతది తప్ప ఒళ్లు రాదు, పిల్లకి మాంసకృత్తులు కావాలి. చోడి పిండి, మునగాకు, చెదలు ఇవన్నీ తర్వాత పైపైన ఇచ్చుకోవచ్చు.

కరెంటు పోతే ఏం చెయ్యాలన్నది మీరు అడగలేదు గానీ చెప్పకుండా ఉండలేను. మా ఇంట్లో ఒక ఏడాది రాత్రి కరెంటు పోతే గదిలో బొగ్గుల కుంపటి పెట్టి, చలి గాలి రాకూడదని తలుపూ కిటికీ మూసేశా. తెల్లారి చూస్తే 14 పిల్లలు పడుకున్నవి పడుకున్నట్టే చచ్చిపోయి ఉన్నాయి. చలికి కాదు, బొగ్గు పొగలో కంటికి కనపడని విషవాయువు ఉంటది, కార్బన్ మోనాక్సైడ్, మూసిన గదిలో అది మనిషిని కూడా చంపేస్తది, ఆ పక్క గదిలోనే మా పాప పడుకుంది. ఆ రోజు నుంచి మూసిన గదిలో కుంపటి పెట్టలేదు, మీరూ పెట్టొద్దు. దాని బదులు సీసాల్లో వేడినీళ్లు పోసి గుడ్డ చుట్టి మధ్యలో పెట్టండి, పైన గోనెసంచి సగం కప్పి సగం గాలికి వదిలేయండి, చల్లారితే మార్చండి. మీ ఊళ్లో ఎవరి దగ్గరైనా పొదుగు మీదున్న నాటుపెట్ట ఉంటే ఇంకా మంచిది, చీకట్లో గుడ్లు తీసేస్తూ ఒక్కో పిల్లనీ దాని కింద నెమ్మదిగా దూర్చండి, పొద్దున్న లేచి తన పిల్లలే అనుకుంటది, పది పన్నెండు పిల్లల్ని హాయిగా కాచుకుంటది, అంతకంటే ఎక్కువ పెట్టకండి.

ఇక గూడు. 6 బై 4 అంటే 24 చదరపు అడుగులు, ఎనిమిది వారాల దాకా పిల్లకి 1 చదరపు అడుగు చాలు కాబట్టి 25 పిల్లలు దాదాపు సరిపోతాయి. ఆ తర్వాత పెద్ద కోడికి ఒకటిన్నర, రెండు అడుగులు కావాలి, అంటే 12 నుంచి 16 పక్షులకే ఆ గూడు. పుంజుల్ని మూడు నాలుగు నెలల్లో అమ్ముకునే ఆలోచనుంటే ఇబ్బంది లేదు, అన్నీ ఉంచుకోవాలంటే ఇప్పుడే పెంచుకోండి. పొడవు వైపు తూర్పు పడమరలుగా ఉండాలి, అప్పుడు ఎండ నేరుగా లోపలికి కొట్టదు. రేకు మీద తాటాకో గడ్డో కప్పండి, లేకపోతే ఏప్రిల్, మే నెలల్లో లోపల పెనం మీద ఉన్నట్టే ఉంటది. చూరు రెండడుగులైనా బయటికి రావాలి, జల్లు లోపలికి పడితే ఊక తడుస్తది, తడిసిన ఊకలోనే రక్తపారుడు పుడతది, ఆ రోగం మూడు నుంచి ఆరు వారాల పిల్లల్ని ఎక్కువ పట్టుకుంటది, రెట్టలో రక్తం కనపడితే ఆ రోజే పశువుల డాక్టరు దగ్గరికెళ్లి మందు తెచ్చి నీళ్లలో కలపాలి.

నేలకి అడుగున్నర ఎత్తులో కాళ్ల మీద గూడు ఉంటే మంచిది. కాళ్ల కింద నీళ్ల గిన్నెలు పెట్టండి, ఎర్రచీమలు చిన్న పిల్లల్ని బతకనివ్వవు. వెదురు బద్దల నేలయితే సందుల్లో కాళ్లు ఇరుక్కుంటాయి, పెద్దవయ్యేదాకా పైన చాప పరిచి ఊక వేయండి. గాలి సందులు మాత్రం పక్షుల తల కంటే పైన ఉండాలి, చలి అని మొత్తం మూసేస్తే రెట్ట ఘాటుకి కళ్లు మండుతాయి, రొప్పు పట్టుకుంటది. మీరు లోపలికి తల పెట్టి పీల్చినప్పుడు మీ కళ్లు మండితే వాటికి ఇంకెంత మండుతుందో. ఇంకో సంగతి, 2018 అక్టోబరులో తిత్లీ తుఫాను మన గజపతి జిల్లాని ఎలా ఊడ్చేసిందో మీకు నేను చెప్పక్కర్లేదు, నాలుగు మూలలా మేకులు దిగ్గొట్టి కమ్మీతో గూటిని కట్టేయండి, ఖర్చేం కాదు.

నెల దాటాక గూట్లోకి మార్చినప్పుడు నాలుగైదు రోజులు అసలు బయటికి వదలొద్దు, మేత నీళ్లు లోపలే. తర్వాత సాయంత్రం పొద్దుగూకటానికి గంట ముందు మాత్రం తలుపు తీయండి, మేత గిన్నె లోపలే ఉంచండి. చీకటి పడేసరికి వాటంతటవే ఎక్కేస్తాయి, ఇల్లు గుర్తుపడతాయి, మీరు పిల్లల వెనక పరిగెత్తక్కర్లేదు.

ప్రశ్న: మేడం, గుణుపురం వైపు నుంచి రాస్తున్నా. రెండు నెలల పిల్లలు 18 ఉండేవి, మొన్న రాత్రి 4, నిన్న రాత్రి 3 పోయాయి. గూటి చుట్టూ మెష్ ఉంది, తలుపు గొళ్లెం వేసే ఉంది. కొన్నిటి తలలు లేవు, మొండేలు లోపలే ఉన్నాయి. ఏం వచ్చుంటది?

జవాబు: తమ్ముడూ, ముందు ఈ రాత్రికి మిగిలిన 11 పిల్లల్నీ గంపల కిందో ఇంట్లోనో పెట్టేయ్, జవాబు తర్వాత చదువుకోవచ్చు. రుచి మరిగిన జంతువు ఇవాళ కూడా తప్పకుండా వస్తది.

మెష్ ఉంది అన్నావు, ఏ మెష్? షడ్భుజాల కన్నాలుండే పల్చటి కోళ్ల మెష్ కోడిని లోపల ఉంచటానికే పనికొస్తది, బయటవాటిని ఆపటానికి కాదు. మొండెం లోపల, తల బయట అంటే పిల్లి గానీ అడవిపిల్లి గానీ కన్నంలోంచి పంజా పెట్టి, మెష్‌కి ఆనుకుని పడుకున్న పిల్లని లాగి, అందినంత తినేసింది. అసలు కోడిపిల్లే కనపడకుండా, రక్తం చుక్క లేకుండా పోతే పాము. చిన్న సందు చాలు దానికి. చిన్న పిల్లలు ఒక్కొక్కటే మాయమై మూలన కొత్త బొరియ కనపడితే పందికొక్కు. మెడ కొరికి నాలుగైదింటిని చంపేసి అన్నీ తినకుండా వదిలేస్తే ముంగిసో పునుగుపిల్లో. ముంగిస పగలు కూడా వస్తది, అది గుర్తుంచుకో.

అరంగుళం కన్నాల వెల్డ్‌మెష్, అంటే కమ్మీలు అతికిన గట్టి మెష్ తెచ్చి కింద నుంచి రెండడుగుల ఎత్తుదాకా పాత మెష్ మీదే కొట్టెయ్, గూడంతా మార్చక్కర్లేదు, పంజా అందే ఎత్తు వరకు చాలు. నేల మీద గూడయితే అదే మెష్‌ని బయటికి అడుగు వెడల్పున నేలమీద పరిచి మట్టి కప్పు, తవ్వే జంతువు గోడ మొదట్లోనే తవ్వుతది, అక్కడ మెష్ తగిలితే వెనక్కి జరిగి తవ్వాలన్న తెలివి దానికి రాదు. గొళ్లేనికి ఒక చిన్న పుల్లో తాళమో అడ్డం పెట్టు. లోపల కోళ్లు ఎక్కి పడుకునే దండెం గోడకి దూరంగా, మధ్యలో కట్టు, పది పన్నెండు వారాలకల్లా ఎక్కటం నేర్చుకుంటాయి. పగలు గద్దలకైతే పెరట్లో ఆముదం చెట్లో కంది మొక్కలో కాస్త గుబురుగా ఉంచు, పిల్ల దూరి దాక్కోవటానికి చోటుంటే గద్ద చాలాసార్లు వట్టి గోళ్లతోనే పోతది.

ముంగిసకీ అడవిపిల్లికీ విషం పెట్టమని ఎవరైనా చెప్తే వినకు. అవి చట్టం కాపాడే జంతువులు, పైగా ఆ విషం ముందు తినేది మీ వీధి కుక్కో మీ కోడో.

ప్రశ్న: కాశీనగరం నుంచి అమ్మా. మా వీధిలో ఎండలు ముదిరేముందు ప్రతి ఏడాదీ కోళ్లు వరసగా పోతాయి. ఆకుపచ్చ రెట్ట, మెడ తిప్పుకోవటం, ఒక్క వారంలో అన్నీ ఖాళీ. దీనికి గూడు మారిస్తే ఆగుతదా?

జవాబు: గూడుకి సంబంధం లేదు నాయనా, మీరు చెప్పిన లక్షణాలు కొక్కెర తెగులువి, రాణిఖేత్ అంటారు, వచ్చాక మందు లేదు, రాకుండా టీకా మాత్రమే. పిల్లకి 5 నుంచి 7 రోజుల మధ్య లసోటా టీకా కంట్లో ఒక చుక్క, మళ్లీ 28వ రోజుకి ఇంకో చుక్క, ఎనిమిది వారాలు నిండాక ఆర్2బి ఇంజెక్షన్, అదీ ఈ తెగులు టీకానే. ఆ ఇంజెక్షన్ చిన్న పిల్లలకి తొందరపడి వేయించొద్దు, తట్టుకోలేవు. మధ్యలో 14వ రోజు గంబోరో అనే ఇంకో జబ్బుకి, ఆరు వారాలకి కోళ్ల మశూచికి టీకాలు కూడా ఉన్నాయి.

ఇబ్బంది ఎక్కడంటే టీకా సీసా 100 పక్షులకి సరిపడా వస్తది, మన ఇంట్లో పదో పాతికో ఉంటాయి, ఒకసారి కలిపిన మందు రెండు గంటల్లో వాడేయాలి, అందుకే ఎవరికి వాళ్లు వేయించలేక మానేస్తున్నారు. వీధిలో నాలుగైదు ఇళ్లు కలిసి ఒక రోజు అనుకోండి, సీసా ఐసు ముక్కలున్న ఫ్లాస్కులో తెచ్చుకోండి, తెల్లారకముందే కోళ్లు గంపల కింద ఉండగానే ఇంటింటికీ తిరిగి వేసేయండి. ఎండలో జేబులో వేసుకుని తెచ్చిన టీకా వేసినా వేయనట్టే. జబ్బు కోళ్లకి వేయొద్దు. ముదిరే ఎండలకి నెల ముందే, జనవరిలోనే పెట్టుకోండి.

ఇంకోటి గట్టిగా చెప్తున్నా, ఈ జబ్బు మీ వీధికి ఎక్కువగా సంత నుంచే నడిచొస్తది. సంతలో కొన్న కోడి, సంతలో అమ్ముడుపోక తిరిగొచ్చిన కోడి, రెండిటినీ మూడు వారాలు వేరే గంప కింద ఉంచాకే మందలో కలపండి. ఒకటి తూలుతోందని తెలిసి దాన్ని తెచ్చి సంతలో అమ్మేవాళ్లున్నారు, దయచేసి ఆ పని చేయొద్దు, అది ఇంకో పేదింటి పెరడు ఖాళీ చేస్తది. చచ్చినవాటిని సున్నం వేసి లోతుగా పాతిపెట్టండి, కుక్కలకి వేయొద్దు, ఏట్లో వేయొద్దు.

ప్రశ్న: రాయగడ నుంచి. మూడు నెలల పిల్లల్ని పాత పెట్టల గూట్లో కలిపాం, పొడిచి పొడిచి చంపేస్తున్నాయి.

జవాబు: విడదీయండి, మధ్యలో మెష్ కట్టి వారం పది రోజులు ఒకదాన్నొకటి చూసుకోనివ్వండి. కలిపేది రాత్రి, దండెం మీద పెట్టేయండి. మేత గిన్నెలు రెండు, నీళ్లు రెండు చోట్ల, లేకపోతే పాత పెట్ట గిన్నె దగ్గరే కాపలా కూర్చుంటది. గుడ్లు పెట్టే కోళ్ల దాణా మాత్రం పిల్లలకి అందనీయొద్దు, అందులో సున్నం ఎక్కువ, ఎదిగే పిల్లల మూత్రపిండాలు పాడైపోతాయి.

ప్రశ్న: మా బాబు తిరణాల్లో గులాబీ, పచ్చ రంగు కోడిపిల్లలు ఆరు కొన్నాడు. రెండు పోయాయి. మిగతావైనా బతుకుతాయా? వాడు ఏడుస్తున్నాడు.

జవాబు: బతికించొచ్చమ్మా. అవి ఎక్కువగా గుడ్ల జాతి మగపిల్లలు, గుడ్లు పెట్టవని హేచరీలో ఏరేసినవాటికి రంగు పూసి అమ్ముతారు, ఎండలో బుట్టలో నీళ్లు లేకుండా తిరిగి తిరిగి మీ ఇంటికొచ్చేసరికే సగం ప్రాణం పోయుంటది. అట్టపెట్టెలో ఊక, ఒక పక్క మాత్రమే బల్బు, గోరువెచ్చటి బెల్లం నీళ్లు ముక్కు తడిపి ఒక్కోదానికీ తాగించండి, పైన మొదటి జవాబులో చెప్పినట్టే చూస్కోండి. స్నానం చేయించి రంగు పోగొట్టాలని చూడొద్దు, చలికి పోతాయి. నాలుగైదు వారాలకి నూగు రాలి అసలు ఈకలొస్తాయి, రంగు దానితోనే పోతది, బాబుకి ముందే చెప్పి ఉంచండి.