మీ మామ ఆపరేషన్‌కు ముందు మూడు వారాల తిండి

దేవరకొండ

బిడ్డా,

మీ మామకు బుగ్గ క్యాన్సర్ ఆపరేషన్‌కు ఇంకా మూడు వారాలుందన్నవ్. ఈ మూడు వారాలు ఆయనకు పత్తెం పెట్టకు. పప్పు తింటే చీము పడతదని, గుడ్డు వేడని, పెరుగుతో నెమ్ము చేస్తదని చూడొచ్చినోళ్లంతా చెప్తరు. అవేవీ పుండును చెడగొట్టయి. అవన్నీ ఆపి చారన్నం మీద ఉంచితేనే పుండు మానదు.

కోసిన అంచులను అతికించే కొత్త కండను ఒళ్లు మాంసకృత్తులతోనే కట్టుకుంటది. తిండిలో రాకపోతే ఉన్న కండను కరిగించుకుంటది. అదీ చాలకపోతే కుట్లు విచ్చుకుంటయి. నోట్లో కుట్టు విడితే ఉమ్మి మెడలోకి దిగి బయటికి దారి చేసుకుంటది. తర్వాత రేడియేషన్ ఇయ్యాలంటే ఆపరేషన్ అయిన 6 వారాల లోపలే మొదలుపెట్టాలె. పుండు మానకుంటే అదీ వెనుకబడతది.

ఆర్నెల్ల కింద 58 కిలోలు, ఇప్పుడు 51 అంటున్నవ్. నూటికి 12 వంతులు పోయినట్టు. 10 దాటితే చిన్న సంగతి కాదు, సర్జన్‌కు నువ్వే చెప్పు. అవసరమనుకుంటే ఒకటి రెండు వారాలు బలం పట్టించి, అప్పుడు ఆపరేషన్ చేస్తరు.

ఆయనకు కిలో బరువుకు ఒకటిన్నర గ్రాము లెక్కన రోజుకు 75 గ్రాముల దాకా మాంసకృత్తులు పడాలె. అర లీటరు పాలల్ల 16, మూడు గుడ్లల్ల 18, 60 గ్రాముల పెసరపప్పుల 14, 40 గ్రాముల పల్లీలల్ల 10, పావుకిలో పెరుగుల 8 వస్తయి. మిగతాది అన్నం, జొన్న గటకతో సరిపోతది. కిడ్నీ జబ్బుంటే మాత్రం ఈ లెక్క డాక్టర్‌ను అడగాలె.

నమిలితే నొప్పి కాబట్టి అన్నీ మెత్తగుండాలె. పల్లీలు వేయించి, పొట్టు తీసి, మెత్తగ పొడి కొట్టి రాగిజావల కలుపు. బరకగుంటే పుండులో ఇరుకుతయి. జావ నీళ్లతో కాదు, పాలతో కాచు. అందరూ ఇక్కడనే తప్పు చేస్తరు: మింగుడుపడాలని పల్చగ చేస్తే కడుపు నిండుతది గని ఒంటికి బలం రాదు. ఉడుకుతున్న పప్పుల గిలకొట్టిన గుడ్డు పోసి బాగ ఉడకనియ్యి. పచ్చిగుడ్డు వద్దు. ప్రతి గిన్నెల చెంచా నెయ్యి వెయ్యి. మూడు పూటలు కాదు, గోరువెచ్చగ ఆరుసార్లు కొద్దికొద్దిగ పెట్టు. కారం, చింతపులుపు బంద్.

పుండు మానడానికి విటమిన్ సి కూడా కావాలె. మన నల్లగొండ బత్తాయి మంచిదే గని నోటి పుండు మీద మండుతది. దాని బదులు మెత్తగ పండిన బొప్పాయి పెట్టు.

ఐదారు రోజులుగ సరిగ తినకుండ ఉంటే ఒక్కసారే ఇంత తిండి పెట్టకు. రక్తంల ఉప్పులు తారుమారై గుండెకు ముప్పు. ముందు డాక్టర్‌కు చెప్పి, వాళ్లన్నట్టు తక్కువతో మొదలుపెట్టి పెంచు. అసలు మింగలేకపోతే ముక్కు గొట్టం పెట్టించుకోవాలె, భయపడొద్దు. ఎట్లాగూ ఆపరేషన్ తర్వాత దాంతోనే పోయాలె, ఇప్పుడే నేర్చుకో.

షుగర్ ఉంటే అదుపుల ఉండాలె, లేకుంటే పుండుకు చీము పట్టే ముప్పు పెరుగుతది. జర్దా, గుట్కా, బీడీ ఇయ్యాల్నే మాన్పించు. అవి రక్తనాళాలను బిగిస్తయి. కోసిన బుగ్గకు ఒంట్లో వేరే చోటి నుంచి తీసి అతికించే కండ బతకాలంటే అక్కడికి రక్తం అందాలె. కల్లు, సారా రోజూ తాగే అలవాటుంటే డాక్టర్‌కు చెప్పి మాన్పించు, ఒక్కసారే ఆపితే వణుకు, భ్రమ వస్తయి. ఆకు పసర్లు ఏవన్న తాగుతుంటే దాచకుండ చెప్పు, కొన్నిటితో రక్తం ఆగదు.

ఆపరేషన్ రోజు ఎన్ని గంటలకో ముందే అడుగు. మామూలుగ తిండి 6 గంటల ముందు, మంచినీళ్లు 2 గంటల ముందు ఆపుతరు. మీ మత్తు డాక్టర్ ఏది చెప్తే అదే లెక్క. పాలు, చాయ్ తిండి కిందనే లెక్క, నీళ్ల కింద కాదు.

మీ పెద్దమ్మ