నాయనకు జొరం... ఫ్రిజ్‌లో దాచిన కరోనా చుక్కలు వేయొచ్చా?

ప్రశ్న: మా నాయనకు 67 ఏళ్లు. షుగర్ ఉంది, మాత్రలు వాడతాడు. రొయ్యల గుంటల కాడ కాపలా ఉంటాడు. మూడు రోజుల నుంచి జొరం, పొడి దగ్గు, ఒళ్లు నొప్పులు. 2021లో ఆయనకు కరోనా వస్తే కృష్ణపట్నం మందు తెచ్చిపెట్టాం, తగ్గిపోయింది. అప్పుడు మిగిలిన కంటి చుక్కల సీసా మా అమ్మ ఇంకా ఫ్రిజ్‌లో దాచింది. అదే వేద్దామంటోంది. మా బాబాయేమో తనకు అప్పట్లో ఒంగోల్లో రాసిచ్చిన చీటీ వాట్సాప్‌లో పంపి, ఆ మాత్రలే తెమ్మంటున్నాడు. ఎవరి మాట వినాలి?
– అల్లూరు మండలం నుంచి ఒక పాఠకురాలు

జవాబు: చుక్కలు వేయకండమ్మా, ఆ మాత్రలూ తేకండి. ముందు ఆయన వేలికి ఆక్సీమీటర్ (రక్తంలో ఆక్సిజన్ ఎంతుందో చూపే చిన్న యంత్రం) పెట్టి చూడండి. కరోనా రోజుల్లో వీధికి నాలుగిళ్లవాళ్లు కొన్నారు కదా, ఎవరింట్లోనో బీరువా మీద పడి ఉంటుంది. కొత్త బ్యాటరీలు వేయండి. చెయ్యి చల్లగా ఉంటే రుద్ది వెచ్చచేయండి. పెట్టగానే కనపడే అంకెను నమ్మొద్దు, నిమిషం ఆగి, కదలకుండా నిలబడిన అంకెను రాసుకోండి. అది బాగుండి, ఆయాసం కూడా లేకపోతే వరండాలోనే ఆరు నిమిషాలు నడిపించి మళ్లీ చూడండి. కూర్చున్నప్పుడు 94 కన్నా తక్కువున్నా, నడిచాక నాలుగు పాయింట్లు పడినా 108కి ఫోన్ చేయండి. ఈ జవాబులో మిగతాది తర్వాత చదువుకోవచ్చు.

మనిషి చూడ్డానికి బాగానే ఉన్నాడు కదా అని ఊరుకోకండి. 2021 మేలో నేను చూసిన ఒక పెద్దాయన, బుచ్చి వైపు రైతు, మంచం మీద బాసింపట్టు వేసుకుని కొడుకుతో ఫోన్లో వడ్ల రేటు మాట్లాడుతున్నాడు. వేలి మీద అంకె 81. 'నాకేమైందయ్యా, ఇంటికి పంపించు' అని నా మీదే కోప్పడ్డాడు. మనకు ఆయాసం తెప్పించేది ప్రధానంగా ఒంట్లో పేరుకునే బొగ్గుపులుసు వాయువు. కరోనా న్యుమోనియాలో మొదట్లో ఆ వాయువు బయటికి పోతూనే ఉంటుంది, ఆక్సిజన్ మాత్రం చప్పుడు లేకుండా జారిపోతుంది. అందుకే మనిషికి తెలియదు. ఆయన్ను బోర్లా పడుకోబెట్టి ఆక్సిజన్ పెట్టడానికి నేనూ, ఆయన కొడుకూ పావుగంట బతిమాలాల్సి వచ్చింది.

ఇక మీ అమ్మగారి సీసా. ఆమెను తప్పుబట్టను. 2020 మార్చిలో రాష్ట్రంలో మొదటి కేసు బయటపడింది మన నెల్లూరులోనే, ఇటలీ నుంచి వచ్చిన విద్యార్థికి. ఆ తర్వాత ఏడాదికి బెడ్డు దొరక్క జనం అల్లాడుతుంటే, కృష్ణపట్నంలో ఆనందయ్య అనే నాటువైద్యుడు ఊరికే మందు ఇస్తున్నాడంటే ఎవరు మాత్రం వెళ్లరు? జనం విరగబడటంతో పంపిణీ ఆపించారు. పరిశీలన చేయించి, 2021 మే 31న తినే మందుల్లో మూడింటికి ప్రభుత్వం అనుమతిచ్చింది. హాని కనపడలేదన్నారు గానీ కరోనాను నయం చేస్తుందని తేల్చలేదు. కళ్లల్లో వేసే చుక్కలకు ఆ రోజు అనుమతి ఇవ్వలేదు. మీ ఫ్రిజ్‌లో ఉన్నవి ఆ చుక్కలే. అప్పట్లోనే అనుమతి లేనివి, పైగా ఇన్నేళ్లు నిలవున్నవి. శుద్ధి చేయని చుక్క కంట్లో పడితే నల్లగుడ్డు మీద పుండు పడొచ్చు. షుగర్ ఉన్న మనిషికి అది త్వరగా మానదు.

'మరి అప్పుడు తగ్గింది కదా' అని ఆమె అడుగుతారు. కరోనా వచ్చిన నూరు మందిలో సుమారు 80 మందికి ఆక్సిజన్ అవసరం పడకుండానే తగ్గింది. ఆ 80 మందీ మిరియాల కషాయం తాగినా, చుక్కలు వేసుకున్నా, ఏమీ చేయకపోయినా లేచి తిరిగారు. ఏది తిన్నవాళ్లకు దాని మీద గురి కుదిరింది. మీ నాయన ఆ 80 మందిలో ఒకరు.

నాకు అసలు భయం మీ బాబాయి చీటీ. అప్పట్లో రాసిన చీటీల్లో చాలావాటిలో స్టెరాయిడ్ ఉండేది. ఆక్సిజన్ పడిపోయిన రోగికి అది ప్రాణం నిలబెట్టే మందే. బ్రిటన్‌లో రోగుల మీద జరిగిన పెద్ద పరీక్షలో డెక్సామెథసోన్ అనే స్టెరాయిడ్ విషయంలో ఆ సంగతి 2020 జూన్‌లో తేలింది. అదే పరీక్షలో ఆక్సిజన్ అవసరం లేనివాళ్లకు లాభం లేదని కూడా తేలింది. మనవాళ్లు మొదటి సగం విని రెండో సగం వదిలేశారు. జొరం వచ్చిన రెండో రోజే మెడికల్ షాపులో అడిగి మింగారు. వైరస్‌తో పోరాడాల్సిన వేళ ఒంటి రక్షణ తగ్గింది, షుగర్ మూడు వందలు, నాలుగు వందలకు ఎక్కింది. బ్లాక్ ఫంగస్‌తో కన్ను పోగొట్టుకున్నవాళ్లలో షుగర్ ఉండి స్టెరాయిడ్ వాడినవాళ్లే ఎక్కువ. ఆ చీటీ మీ బాబాయికి, ఆ రోజుకు రాసింది. మీ నాయనకు కాదు.

మరో మాట, ఇది కరోనాయే అని ఎందుకనుకుంటున్నారు? గుంటల కాడ రాత్రిళ్లు పడుకునే మనిషికి డెంగీ రావచ్చు, మలేరియా రావచ్చు, పొదల్లో ఉండే నల్లికన్నా చిన్న పురుగు కుడితే వచ్చే స్క్రబ్ టైఫస్ కూడా రావచ్చు. ఈ చివరిది మన జిల్లాల్లో చాలామందికి తెలియదు. చంకల్లో, గజ్జల్లో, నడుం కింద, మొలతాడు దగ్గర సిగరెట్ కాలినట్టు నల్లటి పొక్కు ఉందేమో వెతకండి. నొప్పి, దురద ఉండవు, అందుకని ఆయనకే తెలిసుండదు. కనపడితే డాక్టరుకు తప్పక చూపించండి. మందు చవకైనదే, ఆలస్యమైతేనే ప్రమాదం.

అంకెలు బాగున్నా రేపు పొద్దున్నే ఆయన్ను ఆసుపత్రికి తీసుకెళ్లండి. రక్త పరీక్షలతో పాటు కరోనా పరీక్ష కూడా చేస్తారు. అంతవరకు జొరానికి పారాసిటమాల్ చాలు, ఆరు గంటలకొకటి. డెంగీయో కాదో తేలేదాకా నొప్పుల బిళ్లలు, నొప్పి సూదులు వద్దని మీ ఊరి ఆర్‌ఎంపీకి కూడా చెప్పండి. మజ్జిగ, గంజి తాగించండి. పూటకోసారి షుగర్, నాలుగు గంటలకోసారి ఆక్సిజన్ చూసి, టైముతో సహా ఒక కాగితం మీద రాసి డాక్టరుకు ఇవ్వండి. తికమకగా మాట్లాడినా, ఛాతీలో బరువన్నా, ఒంటికి పోయడం తగ్గినా రాత్రైనా సరే ఆగొద్దు.

సీసా మాత్రం మీరు దొంగచాటుగా పారబోయకండి. ఈ జవాబు అమ్మగారికి చదివి వినిపించి, ఆమె చేతే పారబోయించండి.