టేపుల కొట్టు పెట్టబోయే సుజాతకు

విశాఖపట్నం

చి. సుజాతకు,

పెదనాన్న ఆశీస్సులు. గాజువాక ఆటోనగర్‌లో టేపుల కొట్టు పెడతానని, అదీ హెవీ డ్యూటీ సరుకే ఉంచుతానని రాశావు. మీ నాన్న ఫోన్ చేసి "టేపు మీద ఏం మిగుల్తుంది అన్నయ్యా" అని ఒకటే కంగారు. మిగుల్తుందిరా అని చెప్పాను. పూర్ణామార్కెట్ దగ్గర ఇదే హార్డ్‌వేరు, ఇదే ప్యాకింగ్ సరుకు అమ్ముకుని నేను ఇల్లు నడపలేదా? అయితే కిరాణా కొట్టులా డబ్బా తీసిచ్చేస్తే సరిపోయే వ్యాపారం మాత్రం కాదిది.

కొట్టుకొచ్చిన ప్రతివాడూ "గట్టి టేపు ఒకటివ్వండి" అనే అడుగుతాడు. నువ్వు చెయ్యి వెంటనే ర్యాకు మీదకి పోనియ్యకు. దేని మీద అంటిస్తావు, ఎండలోనా నీళ్లలోనా ఐసులోనా, మళ్ళీ ఊడదియ్యాలా అని అడుగు. ఆ జవాబులు విన్నాక ఏ రోలు ఇవ్వాలో నీకే తెలుస్తుంది. అడక్కుండా ఇచ్చిన సరుకు మర్నాడు వెనక్కొస్తుంది, దాంతోపాటు నాలుగు మాటలూ వస్తాయి.

ముందు ఆ వెండి రంగు డక్ట్ టేపు సంగతి. దాన్ని సర్వరోగ నివారిణిలా అమ్మేస్తుంటారు. అంచు చింపి చూడు, మూడు పొరలుంటాయి. పైన పాలిథిన్, మధ్యలో గుడ్డ వల, కింద రబ్బరు జిగురు. ఆ గుడ్డ పోగుల వల్లే చేత్తో అడ్డంగా నీటుగా చిరుగుతుంది, పొడుగునా లాగితే తెగదు. పోగులు దగ్గరదగ్గరగా ఉంటే మంచి సరుకు, గాజుగుడ్డలా పల్చగా కనిపిస్తే చౌక సరుకు. ఇది రెండో ప్రపంచయుద్ధం నాటిది. అమెరికాలో ఇల్లినాయి రాష్ట్రంలో మందుగుండు ఫ్యాక్టరీలో పెట్టెలు సర్దే వెస్టా స్టౌట్ అనే ఆవిడ, పెట్టెల మీద కాగితం టేపు యుద్ధంలో ఉన్న కుర్రాళ్ళకి సమయానికి ఊడి రావట్లేదు, గుడ్డ టేపు పెట్టండి అని 1943లో ఏకంగా వాళ్ళ ప్రెసిడెంటు రూజ్‌వెల్ట్ గారికే ఉత్తరం రాసింది. ఆవిడ కొడుకులు నేవీలో ఉన్నారప్పుడు. జాన్సన్ అండ్ జాన్సన్ వాళ్ళు ఆ టేపు తయారుచేశారు. 1970లో చంద్రుడి మీదకని బయల్దేరి ప్రమాదంలో పడ్డ అపోలో 13 వ్యోమగాములు గాలి శుభ్రం చేసే డబ్బాలని అమర్చుకుని ప్రాణాలతో బయటపడ్డదీ ఈ టేపు సాయంతోనే. ఇవి గిరాకీలకి చెప్పు, సరదాగా వింటారు.

కానీ ఏసీ మెకానిక్ వచ్చి డక్టు, అంటే ఏసీ గాలి వెళ్ళే గొట్టం, అతుకులకి డక్ట్ టేపు అడిగితే ఇవ్వకు. 1998లో అమెరికాలోని లారెన్స్ బర్క్‌లీ ల్యాబు వాళ్ళు రకరకాల టేపులు డక్టుల మీద పరీక్షించి చూస్తే, వేడికి చల్లదనానికి మారిమారి గురైన చోట ఓడిపోయింది ఈ గుడ్డ టేపే. అతనికి అల్యూమినియం ఫాయిల్ టేపు ఇవ్వు. ధర ఎక్కువని గొణుగుతాడు. గొణగనీ.

మన ఊరి గాలి సంగతి నీకు చెప్పక్కర్లేదు. ఉప్పు, చెమ్మ, వేసవిలో ఎండ. రబ్బరు జిగురు అంటించిన క్షణాన గట్టిగా పట్టుకుంటుంది గానీ ఎండలో కొన్నాళ్ళుంటే ఎండిపోయి పొడిపొడిగా రాలుతుంది. యాక్రిలిక్ జిగురు మొదట్లో నెమ్మదిగా పట్టినా ఎండకి తట్టుకుంటుంది. అందుకని మేడ మీద వాడకానికి, సముద్రం వైపు గోడలకి, బోర్డులకి యాక్రిలిక్ రకమే చూపించు. ప్యాకెట్ మీద ఏ జిగురో రాయని సరుకు ఎంత చౌకైనా తెప్పించకు. ఇంకోటి, పాలిథిన్, పాలీప్రొపిలీన్ మీద మామూలు జిగురేదీ సరిగ్గా పట్టదు. నీలం టార్పాలిన్ చిరిగిందని వచ్చినవాడికి టార్పాలిన్ టేపే ఇవ్వాలి, అదీ రెండు వైపులా వెయ్యమని చెప్పి మరీ.

ఫిషింగ్ హార్బర్ గిరాకీ నీకు తప్పకుండా తగుల్తుంది. చేపలు, రొయ్యలు థర్మోకోల్ పెట్టెల్లో ఐసు వేసి రైలుకీ బస్సుకీ పంపేవాళ్ళు బ్రౌన్ టేపు పెద్ద పెద్ద కట్టలు కొంటారు. "మీ టేపు అంటుకోదండీ" అని దెబ్బలాటకి వచ్చేదీ వాళ్ళే. ఒకసారి తెల్లవారుజామున వెళ్ళి ఆ పని చూడు. ఐసు నింపిన పెట్టె బయటంతా చెమటలు పట్టి ఉంటుంది, కూలీ చేతులు తడి, దాని మీద టేపు లాగి అతికిస్తారు. తడి మీద మామూలు ప్యాకింగ్ టేపేదీ నిలవదు. పాత గోనెగుడ్డతో మూత అంచు పొడిగా తుడవాలి. టేపు రెండంగుళాల ముక్కగా అంటించి వదిలెయ్యకుండా పెట్టె చుట్టూ పూర్తిగా తిప్పి, చివర టేపు టేపు మీదే పడేలా చెయ్యాలి. టేపు టేపుని పట్టుకున్నంతగా థర్మోకోల్‌ని పట్టుకోదు. వీలైతే నాలుగు మూలలూ ఐసు వెయ్యకముందే టేపు చేసుకోమను. ఈ మాట నువ్వు దగ్గరుండి చేసి చూపిస్తే ఆ గిరాకీ ఇంకెక్కడికీ పోదు.

రొయ్యలు ఎగుమతి చేసే ఫ్యాక్టరీలది వేరే కథ. వాళ్ళ కార్టన్లు మైనస్ 18 డిగ్రీల కన్నా చల్లటి గదుల్లో ఉంటాయి. అక్కడ మామూలు జిగురు గట్టిపడి గాజులా పెళుసెక్కి ఊడిపోతుంది. ఫ్రీజర్ గ్రేడ్ అని విడిగా దొరుకుతుంది, అది తెప్పించు. కార్టన్ చల్లబడకముందే, పొడిగా ఉన్నప్పుడే అంటించి, కాసేపు జిగురు కుదురుకున్నాక లోపలికి పంపమని వాళ్ళ స్టోరు మనిషికి చెప్పు. ముందు పది రోల్స్ శాంపిల్ ఇచ్చి, వాళ్ళ గదిలోనే వారం పెట్టించి చూసుకున్నాకే పెద్ద ఆర్డరు పుచ్చుకో.

నీ కొట్టు లారీల మధ్యలో ఉంటుంది కాబట్టి రేడియం టేపు, అదే రాత్రిపూట లైటు పడితే మెరిసేది, ఉంచకపోతే నష్టం. ముందు తెలుపు, వెనక ఎరుపు, పక్కల పసుపు, అది రూలు. ఏఐఎస్-090 అని ఈ టేపుల ప్రమాణం ఒకటుంది, ఆ ముద్ర ఉన్నదే అమ్ము. ముద్ర లేనిది బండి ఫిట్‌నెస్ పరీక్ష దగ్గర ఆపేస్తారు, డ్రైవరు నేరుగా నీ దగ్గరికే వస్తాడు. నాసిరకానిది మెరుపు కూడా ఆర్నెల్లు నిలవదు.

కరెంటు తీగలకి డక్ట్ టేపు అడిగినవాడికి ఎంత బతిమాలినా ఇవ్వకు. దాని పని అది కాదు. ఐఎస్ఐ మార్కున్న పీవీసీ ఇన్సులేషన్ టేపు ఇచ్చి, సగం సగం మీద పడేలా సాగదీసి చుట్టమని, ఆఖరి చుట్టు మాత్రం సాగదియ్యకుండా వదులుగా వెయ్యమని చెప్పు. సాగదీసిన చివర రెండ్రోజులకే లేచి వేలాడుతుంది. బాత్రూమ్ పైపు మరల్లో చుట్టేది టెఫ్లాన్, దానికి జిగురే ఉండదు. కుళాయి కారుతోందని జిగురు టేపు పట్టుకెళ్ళేవాళ్ళు ఇప్పటికీ ఉన్నారు, ఏం చేస్తాం.

డబుల్ సైడ్ ఫోమ్ టేపుతో అద్దాలు, నేమ్‌బోర్డులు అంటించేవాళ్ళకి ఓపిక నేర్పాలి. స్పిరిట్‌తో తుడవాలి, బొటనవేలితో బలంగా నొక్కాలి. అంటించిన ఇరవై నిమిషాలకి సగం పట్టు వస్తుంది, పూర్తి పట్టుకి 72 గంటలు. ఆ మూడ్రోజులూ బరువు వెయ్యకూడదు. మరో తిరకాసుంది. డిస్టెంపరు వేసిన గోడ మీద ఎంత మంచి టేపు వేసినా లాభంలేదు. టేపు రంగుని పట్టుకునే ఉంటుంది, రంగే గోడని వదిలేస్తుంది. అలాంటి గోడకి టేపు అమ్మకు, పక్క కొట్లో మేకు కొనుక్కోమను. నీకు పోయేది ఒక్క రోలు డబ్బులే.

అక్టోబరు, నవంబరు తుపాను రోజుల్లో ఉన్నట్టుండి గిరాకీ పెరుగుతుంది. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ వచ్చినప్పుడు నువ్వు చిన్నపిల్లవి. కిటికీ అద్దాలకి టేపుని గుణకారం గుర్తులా అంటిస్తే పగలవని జనం నమ్మకం. అది తప్పు. అద్దం గాలికి ఆగదు సరికదా, టేపు పట్టుకోవడంతో పెద్దపెద్ద పెంకులుగా ఎగిరి మరింత ప్రమాదం. కిటికీకి ప్లైవుడ్ కొట్టించుకోమను, లేదా అద్దాల్లేని లోపలి గదిలో ఉండమను. తుపాను ముందు టేపుకి నిజంగా పనికొచ్చే చోట్లు వేరే ఉన్నాయి. సర్టిఫికెట్లు, పాస్‌పుస్తకాలు పాలిథిన్ కవర్లో పెట్టి మూతి మూసెయ్యడం, తలుపు కింద సందు మూసుకోవడం, బియ్యం డబ్బా మూతలు బిగించడం. ఆ వారంలో ధర పెంచకు. మన ఊళ్ళో అలాంటివి ఏళ్ళ తరబడి గుర్తుపెట్టుకుంటారు.

టేపు ఊడదీసిన చోట మిగిలే బంక గురించి రోజూ ఎవరో ఒకరు అడుగుతారు. హెయిర్ డ్రయ్యర్‌తో వెచ్చబెట్టి నెమ్మదిగా లాగాలి, మిగిలిన మరకకి కొబ్బరినూనె రాసి కాసేపాగి తుడవాలి. పెళ్ళిళ్ళకి వైర్లు నేల మీద అంటించే సౌండు, లైటింగు కుర్రాళ్ళకైతే మొదటే గాఫర్ టేపు అలవాటు చెయ్యి. నూలు గుడ్డది, మెరవదు, బంక వదలదు. ఒకసారి కళ్యాణమండపం మేనేజరు చేత మార్బుల్ మీద మరకకి తిట్లు తిన్నాక వాళ్ళే వెతుక్కుంటూ వస్తారు.

ఇక కొనుగోలు. బ్రౌన్ టేపులో జరిగినంత మోసం ఇంకెందులోనూ జరగదు. 65 మీటర్లని రాసి యాభై చుట్టడం, మందం 40 మైక్రాన్లని చెప్పి పల్చటిది ఇవ్వడం, అట్టగొట్టం లావు పెంచడం. రోలు మీద రోలు నిలబెట్టి చూస్తే అన్నీ ఒకేలా కనిపిస్తాయి. నీ దగ్గర బంగారం కొట్టువాళ్ళ లాంటి చిన్న కాటా ఒకటి ఉండాలి. 48 మిల్లీమీటర్ల వెడల్పు, 65 మీటర్ల పొడుగు, 40 మైక్రాన్ల టేపు అట్టగొట్టం కాకుండా సుమారు 115 నుంచి 120 గ్రాములు తూగాలి. ఒక రోలు పూర్తిగా విప్పి ఖాళీ గొట్టం తూచుకో, మిగతావాటి లెక్క ఇట్టే తేలుతుంది. తొంభై గ్రాములు తూగిందా, బేగి సరుకు తిప్పి పంపెయ్. బేరం తర్వాత. రోలు మీద పొడుగు, ఎంఆర్‌పీ, తయారీ నెల, కంపెనీ చిరునామా ఉండి తీరాలి, తూనికలు కొలతలవాళ్ళు వస్తే అడిగేది నిన్నే.

తర్వాత్తర్వాత జంబో రోల్, అంటే ఇంకా ముక్కలు కొయ్యని పెద్ద చుట్ట, తెచ్చి నువ్వే కోయించాలనుకుంటావు, నాకు తెలుసు. 1280 మిల్లీమీటర్ల వెడల్పు, 4000 మీటర్ల పొడుగు జంబో నుంచి అంచులు పోను అడ్డంగా 26, పొడుగునా 61, అంటే లెక్కప్రకారం 1586 రోల్స్ వస్తాయి. కాగితం మీద చూస్తే లాభం కళ్ళు చెదిరేట్టుంటుంది. కోత మిషను బ్లేడు మొద్దుబారినా, చుట్టేటప్పుడు బిగువు తేడా వచ్చినా అందులో ఎన్ని దండగ పోతాయో లెక్కలో ఉండదు. నెలకి ఎన్ని జంబోలు అమ్మగలవో ఆర్డర్లు చేతిలో ఉన్నాక ఆలోచిద్దాం. అందాకా కోసిన సరుకే కొను.

అరువు విషయంలో మీ పెద్దమ్మ నాకన్నా గట్టిది, ఆవిడ్ని అడుగు. నేను చెప్పేది ఒక్కటే. ఫార్మా, ఎగుమతి కంపెనీలవాళ్ళు రెండు నెలలు, మూడు నెలలు ఆపుతారు. ఎంఎస్ఎంఈ, అంటే చిన్న పరిశ్రమల చట్టం కింద 45 రోజుల్లో డబ్బు రావాలని ఎవరో నీకు చెప్పి ఉంటారు. ఆ రక్షణ తయారీదారులకీ సేవలు అందించేవాళ్ళకీ. కొని అమ్మే వ్యాపారికి ఆ చట్టం కింద చేయించుకునే ఉద్యమ్ రిజిస్ట్రేషన్ వల్ల దక్కేది బ్యాంకు అప్పులో సౌకర్యమే. కాబట్టి ఆ నమ్మకంతో పెద్ద ఆర్డరు మీదేసుకోకు. మొదటి ఏడాది నీ పెట్టుబడిలో మూడోవంతుకి మించి ఎవరి ఖాతాలోనూ చిక్కుకోనివ్వకు. జీఎస్టీ ప్లాస్టిక్ టేపులకి 3919 అనే సరుకు కోడ్ నంబరు కింద 18 శాతం. గుడ్డ టేపులు వేరే నంబరు కిందకి రావచ్చు, బిల్లు పుస్తకం కొట్టించకముందే ఆడిటర్ చేత రాయించుకో.

చివరగా గోడౌను. నువ్వు చూసిన ఆ షెడ్డు రేకులదని మీ నాన్న అన్నాడు. టేపు చల్లగా, పొడిగా ఉండాలి, కంపెనీలు చెప్పేది 21 డిగ్రీల దరిదాపు. మే నెలలో రేకుల కింద జిగురు కరిగి రోలు పక్కల నుంచి బయటికొస్తుంది, దుమ్మంతా పట్టి, రోలుకి రోలు అతుక్కుపోయి, అట్టపెట్టెతో సహా పారెయ్యాలి. పాత సరుకు ముందు వరసలో, కొత్తది వెనకాల పెట్టుకోవాలి. చాలా టేపులు ఏడాది, రెండేళ్ళలో అమ్ముడైపోవాలి. అద్దె అగ్రిమెంటు మీద ఇప్పుడే సంతకం పెట్టకు. వచ్చే ఆదివారం మధ్యాహ్నం రెండింటికి, ఎండ నడినెత్తి దాటాక, నేనే వచ్చి ఆ షెడ్డులో ఓ గంట కూర్చుని చూస్తాను. ఓనర్ని తాళాలు పట్టుకుని ఉండమను. పైన ఫాల్స్ సీలింగు, ఎగ్జాస్టు ఫ్యాను అతని ఖర్చుతో పెట్టిస్తాడేమో అక్కడే మాట్లాడదాం.

ఇట్లు,
మీ పెదనాన్న