పరిచయం లేని సంస్థలకు మెయిళ్లు పంపుతున్నాను, ఒక్క జవాబూ రావడం లేదు. ఫ్రీలాన్సర్‌గా ఎక్కడ తప్పు చేస్తున్నాను?

ప్రశ్నతోపాటు మీ మెయిల్‌ను కూడా ఇక్కడ పెట్టడం మంచిదైంది. లేకపోతే గాలిలో సలహాలు చెప్పాల్సి వచ్చేది. మీరు వెబ్‌సైట్లు తయారు చేస్తారు. హైదరాబాద్, అమెరికా, జర్మనీలలోని ఫిజియోథెరపీ క్లినిక్‌లకు ఒకే మెయిల్‌ను వందల సంఖ్యలో పంపారు. "గౌరవనీయులైన సర్/మేడమ్, నా పేరు ఫలానా, నాకు వెబ్ రంగంలో నాలుగేళ్ల అనుభవం ఉంది" అని మొదలవుతుంది. తర్వాతి పేరా నిండా మీకు తెలిసిన సాఫ్ట్‌వేర్ల పేర్లు. చివరికి "మీ వెబ్‌సైట్‌లో చాలా లోపాలు గమనించాను, అరగంట వీడియో కాల్‌లో వివరిస్తాను" అని ముగించారు. దానికి ఒక పెద్ద పీడీఎఫ్ జత చేశారు.

నేనూ ఇప్పుడు మీలాగే సొంతంగా పని చేసుకుంటున్నాను. అంతకుముందు కొన్నేళ్లు హైదరాబాద్ శివార్లలోని ఒక విత్తన కంపెనీ మార్కెటింగ్ విభాగంలో పనిచేశాను. వెబ్‌సైట్‌లో ఇచ్చిన మెయిల్ చిరునామాకు ఏం వచ్చినా ముందు తెరిచేది నేనే. డీలర్ల ఫిర్యాదులు, ఉద్యోగ దరఖాస్తులు, లారీ ట్రాన్స్‌పోర్ట్ వాళ్ల కొటేషన్లు, వాటి మధ్య మీలాంటివారి మెయిళ్లు. కాబట్టి అవతలి కుర్చీలో కూర్చున్నవారికి మీ మెయిల్ ఎలా కనిపిస్తుందో చెబుతాను.

ముందుగా ఆ "లోపాలు గమనించాను" అనే వాక్యం సంగతి. వెబ్‌సైట్ ఉన్న ఏ సంస్థను అడిగినా చెబుతారు, ఈ వాక్యంతో మెయిళ్లు వస్తూనే ఉంటాయి. గూగుల్‌లో మొదటి పేజీకి తెస్తామనేవాళ్లంతా దీన్నే పట్టుకుంటారు. ఆ లోపం ఏమిటో మాత్రం ఒక్కరూ చెప్పరు, సైటు తెరిచి చూస్తే కదా చెప్పడానికి! మీరు నిజంగానే చూసి ఉండవచ్చు. అయినా వాళ్ల వాక్యమే వాడారు కాబట్టి వాళ్ల గుంపులోనే మిమ్మల్నీ కలిపేస్తారు. నేనైతే అలాంటి మెయిల్‌ను రెండో వాక్యం దాకా కూడా చదివేవాడిని కాదు.

చాలామంది ఫ్రీలాన్సర్లకు తెలియని విషయం ఒకటుంది. మెయిల్ తెరిచిన మనిషి మీ ప్రతిభను తూకం వేయడానికి కూర్చోలేదు. "ఇతనెవరు, మా దగ్గరికే ఎందుకు వచ్చాడు, జవాబిస్తే నా నెత్తిన ఏం పడుతుంది" అన్నవే అతనికి మొదట వచ్చే సందేహాలు. మీ నాలుగేళ్ల అనుభవం వీటిలో దేనికీ సమాధానం కాదు. సాఫ్ట్‌వేర్ల జాబితా అంతకన్నా కాదు. ఆ పేర్లు మరో ఇంజినీరుకు అర్థమవుతాయి గానీ క్లినిక్ నడిపే డాక్టరుకు వాటితో పనిలేదు.

ఈ మూడు సందేహాలనూ తీర్చిన మెయిల్ ఒకటి నాకు బాగా గుర్తుంది. పంపింది గుంటూరు వైపు కుర్రాడు. సబ్జెక్ట్ లైన్‌లో "మీ డీలర్ల జాబితాలో పల్నాడు జిల్లా లేదు" అని ఉంది. అంతే, తెరిచాను. 2022 ఏప్రిల్‌లో ఆంధ్రప్రదేశ్‌లోని 13 జిల్లాలు 26 అయ్యాయి. మా వెబ్‌సైట్ మాత్రం ఇంకా పాత జిల్లాల దగ్గరే ఉంది. నరసరావుపేట రైతు తన జిల్లా పేరు కోసం వెతికితే దొరకదు, పాత గుంటూరు జిల్లాలో చూడాలని అతనికి తట్టకపోవచ్చు. ఈ సంగతి రెండు వాక్యాల్లో చెప్పి, ఫోన్‌లో ఆ పేజీ ఎలా కనిపిస్తోందో ఒక ఫొటో పెట్టాడు. అందులో డీలర్ల ఫోన్ నంబర్ల చివరి అంకెలు తెర అంచున తెగిపోయి ఉన్నాయి. "ఇది సరిచేయడం ఒక పూట పని. ఇది మీ విభాగం కాకపోతే ఎవరికి రాయాలో చెప్పండి చాలు" అని ముగించాడు. కింద పేరు, ఊరు, ఫోన్ నంబరు, తాను చేసిన ఒక సైటు లింకు.

ఆ చివరి వాక్యం చూడండి. జవాబు ఇవ్వడం ఎంత సులువు చేశాడో! కాల్ అక్కర్లేదు, మీటింగ్ అక్కర్లేదు, ఒక పేరు చెబితే చాలు. నేను మా మేనేజర్‌కు ఫార్వర్డ్ చేశాను, సాయంత్రానికల్లా అతనితో మాట్లాడారు. ముందు ఆ ఒక్క పేజీ పని ఇచ్చారు, తర్వాత కేటలాగ్ పని కూడా అతనికే వెళ్లింది. అతను ఎన్ని సాఫ్ట్‌వేర్లు నేర్చుకున్నాడని ఎవరూ అడగలేదు.

అతను ఇంకో తెలివైన పని చేశాడు, మా పాత వెబ్‌సైట్‌ను పల్లెత్తు మాట అనలేదు. అనుంటే కథ వేరేగా ఉండేది, ఎందుకంటే ఆ సైటు చేసింది మా యజమాని మేనల్లుడు! చిన్న సంస్థల్లో ఇది మామూలే. "మీ సైటు పాతకాలం నాటిది, ఎవరు చేశారో గానీ చాలా నాసిరకంగా ఉంది" అని రాసేవాళ్లు ఆ 'ఎవరో' పక్క గదిలోనే ఉండవచ్చని అనుకోరు.

పేరుతో సంబోధించడంలోనూ ఒక తమాషా ఉంది. జాబితా ఇస్తే ఒక్కొక్కరి పేరు చేర్చి మెయిల్ పంపే సాఫ్ట్‌వేర్లు మొదటి మాటనే మనిషి పేరుగా తీసుకుంటాయి. మనకు ఇంటిపేరు ముందు వస్తుంది కదా, అందువల్ల మా డైరెక్టరు గారికి "ప్రియమైన కొత్తపల్లి" అంటూ ఏదో ఊరికి రాసినట్టు మెయిళ్లు వచ్చేవి. "హలో" తర్వాత ఖాళీ బ్రాకెట్లతో వచ్చినవీ చూశాను. పేరు కచ్చితంగా తెలియకపోతే "నమస్కారం" అని మొదలుపెట్టండి, మర్యాదకు లోటు రాదు.

వేళ చూసుకోవడం కూడా ముఖ్యమే. విత్తన కంపెనీకి జూన్‌లో రాస్తే మెయిల్ ఎంత గొప్పగా ఉన్నా బుట్టదాఖలే. ఖరీఫ్ మొదలై డీలర్ల ఫోన్లు ఎత్తడానికే మనుషులు చాలరు. అదే సీజన్ ముగిసి, వచ్చే ఏడాది ప్రచారం గురించి ఆలోచించే రోజుల్లో రాస్తే తీరికగా చదువుతారు. ఆడిటర్లకు జూలై చివరి వారంలో, కోచింగ్ సెంటర్లకు అడ్మిషన్ల సమయంలో రాయడం కూడా ఇలాంటిదే. మీరు ఎంచుకున్న రంగంలో ఒక్కరితో మాట్లాడినా తీరిక ఎప్పుడుంటుందో తెలుస్తుంది.

జత చేసిన ఫైళ్ల గురించి ఎక్కువ చెప్పక్కర్లేదు. ముక్కూమొహం తెలియనివారు పంపిన పీడీఎఫ్, జిప్ ఫైళ్లను తెరవవద్దని ఆఫీసుల్లో ఇప్పుడు గట్టిగానే చెబుతున్నారు. కుదించిన లింకులపైనా అదే అనుమానం. చేసిన పనుల్లో వాళ్లకు దగ్గరగా ఉన్నదాని లింకు ఒక్కటి పూర్తిగా కనిపించేలా ఇవ్వండి.

ధర విషయంలో రెండు రకాల వాళ్లను చూశాను. అడక్కుండానే "అందరికన్నా తక్కువకు చేస్తాను" అనేవాళ్లు, ఎంత అడిగినా అంకె చెప్పకుండా కాల్ కోసం పట్టుబట్టేవాళ్లు. మొదటివాళ్లు పని తెలియనివాళ్లలా కనిపిస్తారు, రెండోవాళ్లు ఎక్కడో ఇరికిస్తారేమో అనిపిస్తుంది. మొదటి మెయిల్‌లో ధర లేకపోయినా ఫరవాలేదు గానీ, అడిగిన వెంటనే "ఇంత నుంచి ఇంత వరకు, ఈ కారణం వల్ల మారుతుంది" అని చెప్పగలిగేలా ఉండాలి. అడ్వాన్స్ ఎంతో, ఇన్‌వాయిస్ ఎప్పుడిస్తారో కూడా అప్పుడే చెప్పేస్తే నమ్మకం పెరుగుతుంది.

అసలు మీ మెయిళ్లు చేరుతున్నాయో లేదో చూశారా? వందల్లో పంపితే కనీసం "వద్దు" అని అయినా ఒకరిద్దరు అనాలి. ఎవరూ ఏమీ అనలేదంటే ఎక్కువ భాగం స్పామ్‌లో పడుతున్నాయని నా అనుమానం. 2024 ఫిబ్రవరి నుంచి గూగుల్, యాహూ నిబంధనలు బిగించాయి. జీమెయిల్ ఖాతాలకు రోజుకు 5,000కు మించి పంపేవారి డొమైన్‌కు, అంటే మెయిల్ చిరునామాలో @ తర్వాతి భాగానికి, ఎస్‌పీఎఫ్, డీకిమ్, డీమార్క్ అనే మూడు తనిఖీ ఏర్పాట్లూ ఉండాలి. తక్కువ పంపేవారికి కూడా మొదటి రెండింటిలో ఒకటైనా తప్పదు. ఈ డొమైన్ పేరుతో మెయిల్ పంపే అనుమతి ఏ సర్వర్లకు ఉందో ఎస్‌పీఎఫ్ చెబుతుంది. మెయిల్ దారిలో మారలేదని డీకిమ్ సంతకం రుజువు చేస్తుంది. ఈ పరీక్షల్లో తప్పిన మెయిల్‌ను ఏం చేయాలో చెప్పేది డీమార్క్. మీది సొంత డొమైన్ అయితే మీ జీమెయిల్‌కే ఒక మెయిల్ పంపుకుని, మూడు చుక్కల మెనూలో 'షో ఒరిజినల్' నొక్కండి. మూడింటి ఫలితం అక్కడే ఉంటుంది. ఇవన్నీ సరిగ్గా ఉన్నా, అందుకున్నవాళ్లు స్పామ్ బటన్ నొక్కితే చేసేదేమీ లేదు. ఆ ఫిర్యాదులు 0.3 శాతం లోపు ఉండాలని గూగుల్ అంటోంది, అంటే వెయ్యి మెయిళ్లకు మూడు. డబ్బిచ్చి కొన్న చిరునామాల జాబితాకు గుడ్డిగా పంపితే ఆ గీత దాటడం ఎంతసేపు?

మీ మెయిల్‌ను నేనైతే ఇలా తిరగరాస్తాను. ఇది ఒక ఊహా క్లినిక్ కోసం. ఇంగ్లీషులో రాసినా వరుస ఇదే.

సబ్జెక్ట్: మీ కూకట్‌పల్లి శాఖ మ్యాప్ పాత చిరునామా చూపిస్తోంది

"నమస్కారం డాక్టర్ గారూ. మీ వెబ్‌సైట్‌లో కూకట్‌పల్లి శాఖ మ్యాప్ నొక్కితే పాత భవనం దగ్గరికి దారి చూపిస్తోంది. చిరునామా పేజీలో మాత్రం కొత్త భవనం ఉంది. నడుం నొప్పితో వచ్చేవారు రెండు చోట్లకూ తిరగాల్సి వస్తుందని రాస్తున్నాను. ఫొటో కింద పెట్టాను. మీ సైటు చూసుకునేవారు ఉంటే వారికి ఇది పంపితే చాలు, కొద్ది నిమిషాల పని. నేను హైదరాబాద్‌లో ఉంటాను, క్లినిక్‌లకు వెబ్‌సైట్లు చేస్తాను. ఈమధ్య చేసినది ఈ లింకులో ఉంది. సైటులో ఇంకేమైనా సరిచేయించాలనుకుంటే ఈ మెయిల్‌కే జవాబు రాయండి."

"ఉచితంగా లోపం చెప్పేస్తే వాళ్లే సరిచేసుకుంటారు కదా" అంటారేమో. కొందరు సరిచేసుకుంటారు, ధన్యవాదాలు కూడా చెప్పరు. మ్యాప్ లింకు మార్చే పని పోతే పోయిందేమిటి? ఇలా రాయాలంటే ప్రతి సైటునూ ఫోన్‌లో తెరిచి నిజంగా వాడి చూడాలి, కాబట్టి రోజుకు నాలుగైదుకు మించి పంపలేరు. చెప్పడానికి ఏమీ దొరకని సైటు కనిపిస్తే వదిలేయండి. వాళ్లకు మీతో పని లేదు.

జవాబు రాకపోతే ఒక వారం ఆగి ఒక్కసారి గుర్తు చేయండి, అందులోనూ కొత్త సంగతి ఏదైనా ఉండాలి. "నా మెయిల్ చూశారా?" అని నాలుగు రోజులకోసారి అడిగేవాళ్లను నేను బ్లాక్ చేసేవాడిని. సబ్జెక్ట్‌లో 'రీ' అని తగిలించి పాత సంభాషణలా నటించేవాళ్లను అంతకన్నా ముందే. కాస్త చిన్న క్లినిక్‌లైతే మెయిల్ కన్నా ఫోన్ మేలు. మన దగ్గర చిన్న వ్యాపారుల్లో చాలామంది ఓటీపీల కోసం తప్ప మెయిల్ తెరవడం నేను చూడలేదు. రోగులు తక్కువగా ఉండే మధ్యాహ్నం వేళ వెళ్లి రిసెప్షన్‌లో ఐదు నిమిషాలు మాట్లాడి రావచ్చు.

ఇక విదేశాల సంగతి. అమెరికాలో 2003లో వచ్చిన క్యాన్-స్పామ్ చట్టం ప్రకారం పరిచయం లేని సంస్థకు వ్యాపార మెయిల్ పంపవచ్చు గానీ షరతులున్నాయి. సబ్జెక్ట్ లైన్ మోసపుచ్చేలా ఉండకూడదు, మీ పోస్టల్ చిరునామా ఉండాలి, ఇక వద్దని చెప్పే మార్గం చూపించాలి, వద్దన్నవారిని పది పనిదినాల్లోగా జాబితా నుంచి తీసేయాలి. మీ మెయిల్‌లో చిరునామా లేదు, వద్దనే మార్గమూ లేదు. ఈ రెండూ చేర్చి అమెరికా క్లినిక్‌లకు మళ్లీ ప్రయత్నించండి. జర్మనీ జాబితాను మాత్రం పక్కన పెట్టేయండి. అక్కడి అనుచిత పోటీ నిరోధక చట్టంలోని 7వ సెక్షన్ ప్రకారం ముందస్తు అనుమతి లేకుండా ప్రచార మెయిల్ పంపడమే తప్పు, అందుకునేది సంస్థ అయినా సరే. అక్కడ పని కావాలంటే, ఇప్పటికే జర్మన్ క్లయింట్లున్న ఏజెన్సీ ఏదైనా ఫ్రీలాన్సర్లు కావాలని ప్రకటిస్తే దానికి దరఖాస్తు చేసుకోండి.