పెడల్ మెత్తబడితే ప్యాడ్లు మార్చాలా?

ప్రశ్న: ట్రాక్ డేలో (సొంత కారుని రేస్ ట్రాక్ మీద తిప్పే రోజు) నాలుగో ల్యాప్‌కి బ్రేక్ పెడల్ మెత్తబడి కిందికంటా దిగిపోయింది. చల్లారాక మళ్లీ మామూలైంది. ప్యాడ్లు మార్చాలా?

జవాబు: ముందు బ్రేక్ ఫ్లూయిడ్, అంటే పెడల్ ఒత్తిడిని చక్రాల దగ్గరికి చేర్చే ద్రవం, దాని సంగతి చూడండి. అది మరిగితే ఆవిరి బుడగలు పుడతాయి; మీ కాలి బలమంతా వాటిని నలపడానికే సరిపోతుంది. ప్యాడ్లు మితిమీరి వేడెక్కితే తీరు వేరు: పెడల్ గట్టిగానే ఉంటుంది, కారే ఆగదు.

డాట్ 4 రకం ఫ్లూయిడ్ కొత్తదైతే కనీసం 230 డిగ్రీల సెల్సియస్ దాకా మరగదు. తేమ పీల్చుకున్నాక ఆ హద్దు 155కి పడిపోవచ్చు. రేస్ ట్రాక్‌కి అది చాలదు. అందుకే ట్రాక్ డేకి ముందు, సీలు తీయని డబ్బాతో మొత్తం ఫ్లూయిడ్ మార్చి, నాలుగు చక్రాల దగ్గరా బుడగలు ఆగేదాకా బ్లీడ్ చేయించండి (లోపలి గాలి తీయించండి). మధ్యలో ఫ్లూయిడ్ పోసే రిజర్వాయర్ అడుగంటితే గాలి దూరి పని మొదటికొస్తుంది. ప్యాడ్ల మందం కూడా అప్పుడే చూడండి. అరిగిన ప్యాడ్ వేడిని తేలిగ్గా కాలిపర్‌కి (ప్యాడ్లని డిస్క్‌కి నొక్కే భాగం) పంపేస్తుంది.

ట్రాక్ మీద బ్రేక్‌ని గట్టిగా, తక్కువసేపు తొక్కండి. మలుపుకి చాలా ముందునుంచే బ్రేక్‌ని కొద్దికొద్దిగా నొక్కి ఉంచడం చెడ్డ అలవాటు. చివరి ల్యాప్ నెమ్మదిగా, వీలైనంత బ్రేక్ తొక్కకుండా తిప్పండి. పిట్‌లో (ట్రాక్ పక్కన కారు ఆపే చోట) హ్యాండ్‌బ్రేక్ లాగొద్దు, గేరులో వదిలి చక్రానికి అడ్డు పెట్టండి.