రెండు పెట్టల్ని పొదగేసేటప్పుడు

చిరంజీవి అమ్మడికి పెద్దమ్మ ఆశీస్సులు.

రెండు కోడిపెట్టలు ఒకేసారి పొదుగుకొచ్చాయి, ఒకే గూట్లో వేయనా అని అడిగావు. వద్దమ్మా. పొదగడం విడిగా సాగాలి, పిల్లల్ని మాత్రం కలిపి పెంచుకోవచ్చు. పక్కపక్కన కూర్చోబెడితే ఒకదాని గుడ్లు ఇంకోటి ముక్కుతో లాక్కుంటుంది. కొన్ని పగులుతాయి, కొన్ని బయటికి దొర్లి చల్లబడి లోపలి పిల్ల చచ్చిపోతుంది.

పెట్ట కింద గుడ్లు వేసేముందు రెండు మూడు రాత్రులు చూడు. చీకటి పడ్డా గూడు వదలకుండా, చెయ్యి పెడితే ఈకలు విప్పి గుర్రుమంటే అది నిజంగా పొదుగు మీదున్నట్టు. రెక్కల కింద, తోక దగ్గర పేలున్నాయేమో చూసి ముందే వదిలించు. పేలు పడితే మంచి పెట్ట కూడా మధ్యలో లేచిపోతుంది.

నాటు పెట్ట కిందికి పది, పన్నెండు గుడ్లు చాలు. వారం దాటి నిల్వ ఉన్నవి వేయకు. అన్నిటికంటే ముఖ్యం, రెండు పెట్టల కిందా ఒకే రాత్రి, అన్ని గుడ్లూ ఒకేసారి పెట్టాలి. ప్రతి గుడ్డు మీదా పెన్సిల్ గీత గియ్యి. మిగతా కోళ్లు వచ్చి అందులో గుడ్లు పెట్టిపోతుంటాయి. గీత లేనిది ఏ రోజుకారోజు తీసెయ్. వదిలేస్తే, ముందు పుట్టిన పిల్లల్ని తీసుకుని తల్లి లేచిపోయాక ఆ వెనకటి గుడ్లన్నీ పెంకులోనే పోతాయి.

పొదిగే పెట్ట రోజుకోసారి మేతకి, నీళ్లకి, రెట్టకి లేస్తుంది. పావుగంట, ఇరవై నిమిషాలు బయటుంటే కంగారు పడకు. తిరిగొచ్చి సొంత గూట్లోనే కూర్చుందా అన్నది చూసుకో, పక్కదాన్లో దూరే పెట్టలుంటాయి.

ఏడో రాత్రి గుడ్డు వెనక టార్చి వేసి చూడు. నరాలు కనిపిస్తే ఉంచు, వెలుగు ఖాళీగా దాటితే తీసెయ్. ఒకే రోజు వేశావు కాబట్టి, ఒకదాని కింద బాగా తగ్గితే రెండోదాని నుంచి నాలుగు సర్దొచ్చు. 18వ రోజు తర్వాత ముట్టుకోకు. 21వ రోజుకి పిల్లలు లేస్తాయి. పెంకు పగిలాక ఆలస్యమవుతోందని గిల్లి తీయొద్దు, రక్తం కారి పిల్ల పోతుంది. పొట్టలో ఇంకిన పచ్చసొనతో రెండ్రోజులు మేత లేకపోయినా బతుకుతాయి.

రెండు గుంపుల్నీ వెంటనే కలపకు. మధ్యలో వల కట్టి రెండు మూడు రోజులు ఒకదాన్నొకటి చూసుకోనీ. తర్వాత ఖాళీ స్థలంలోకి కలిపి వదిలి, దగ్గరే నిలబడు. తల్లులు కాసేపు ఎగిరి కొట్టుకుంటే ఫరవాలేదు. పిల్లని నెత్తిమీద వరసగా పొడుస్తుంటే ఆ తల్లిని, దాని పిల్లల్ని వేరుగానే ఉంచెయ్.

మేత అందరికీ పిల్లల దాణానే. గుడ్ల కోళ్ల దాణాలో సున్నం ఎక్కువ, పిల్లల మూత్రపిండాలు చెడతాయి. నీళ్లు లోతులేని పళ్లెంలో, గులకరాళ్లు వేసి పెట్టు.

ఐదారు వారాలకి ఒక పెట్ట మళ్లీ గుడ్లకొచ్చి పిల్లల్ని తరమొచ్చు. దాన్ని మందలోకి వదిలేసి, పిల్లలన్నిటినీ రెండోదానికి అప్పగించు. ఈకలు వచ్చేసుంటాయి కాబట్టి రాత్రి దాని కింద అందరికీ చోటు లేకపోయినా ఇబ్బంది ఉండదు.

మీ పెద్దమ్మ